ఆ గొంతు నాదే, అడిగింది నేను కాదు

పోలీసు విచారణాధికారి గారికి,

నేను ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ స్టాఫ్ నర్సుని. వయసు ఇరవై నాలుగు. పెళ్ళి కాలేదు. అమ్మ, నాన్న, తమ్ముడితో కలిసి రైలు గేటు వెనక వీధిలో అద్దెకుంటున్నాను. నాన్న సిమెంటు గోడౌనులో బస్తాలు దించుతాడు. అమ్మ అపార్టుమెంట్లలో మెట్లు కడుగుతుంది. ఇద్దరూ బడి మొహం చూడలేదు. మా అమ్మ వైపూ నాన్న వైపూ కలిపి పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే.

ఈ వాంగ్మూలం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఈ నెల ఇరవయ్యో తారీఖున నర్సుల కౌన్సిల్ నా రిజిస్ట్రేషన్ ఉంచాలో తీసేయాలో తేలుస్తుంది. తీసేస్తే ఇక ఏ ఆసుపత్రిలోనూ నేను నర్సుగా పని చేయలేను. నా మీద ఉన్న సాక్ష్యం ఒక్కటే. ఆపరేషన్ జరిగిన ఉదయం రెండో థియేటర్ కెమెరాలో వినిపించే గొంతు. ఆ గొంతు నాదే. ఆ ఉదయం ఆ గదిలో నేను లేను. మొన్న మీ ఎదుట ఈ రెండు మాటలూ చెబితే, "రెండూ ఎలా కుదురుతాయమ్మా? ఇంటికెళ్ళి వరసగా రాసుకురా" అన్నారు. వరసగా రాస్తున్నాను.

గత నెల పదకొండో తారీఖు, మంగళవారం, ఇస్త్రీ దుకాణం నడుపుకునే ఒకావిడకు కిడ్నీ ఆపరేషన్ జరిగింది. గడ్డ ఉన్నది ఎడమ కిడ్నీలో. తీసింది కుడి కిడ్నీ. ఆ సంగతి మర్నాడు మధ్యాహ్నం ల్యాబు వాళ్ళు కిడ్నీని కోసి చూసి, ఇందులో గడ్డ ఏదీ అని ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. తరవాత ఎడమది కూడా తీయక తప్పలేదు. ఆవిడ ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్ మంచం మీద ఉంటోంది.

ఇలాంటిది జరగకూడదనే చెక్‌లిస్ట్ ఉంది. అది పెద్ద విద్యేమీ కాదు. మూడుసార్లు ఆగాలి. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని బయటికి పంపే ముందు ఒకసారి. ఆగినప్పుడల్లా ఒకరు ప్రశ్నలు చదవాలి, గదిలో ఉన్నవాళ్ళు నోటితో జవాబు చెప్పాలి. ఇది ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఒంటిమీద గుర్తు పెట్టారా, పడని మందులున్నాయా, రక్తం సిద్ధంగా ఉందా, లోపల పెట్టిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయా. అంతే. అందరికీ తెలిసిన ప్రశ్నలే. తెలిసినవాళ్ళు కూడా హడావిడిలో మరిచిపోతారు కాబట్టి అడగాలని రూలు.

నేను చేరిన కొత్తలో రెండో థియేటర్లో చెక్‌లిస్ట్ చదివే పని నాకిచ్చారు. నేను జవాబు వచ్చేదాకా తరవాతి ప్రశ్నకు వెళ్ళేదాన్ని కాదు. అందుకని నాకు "పంతులమ్మ" అని పేరు పెట్టారు. నేను కాగితం తీయగానే ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు, "పంతులమ్మ వచ్చింది, అందరూ హాజరు చెప్పండి. చెప్పకపోతే గోడ కుర్చీ వేయిస్తుంది" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే నిలబడేదాన్ని, ఆయన చెప్పేదాకా.

ఒక రోజు రక్తం సిద్ధంగా ఉందా అని అడిగితే ఎవరూ పలకలేదు. ఫోన్ చేసి కనుక్కుంటే అసలు తెప్పించనే లేదు. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చేదాకా కోత ఆగింది. ఆ రోజు ఆఖరి ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. రోగికి మంచే జరిగింది. కానీ సాయంత్రం పెద్ద సిస్టర్, అంటే మా నర్సులందరి మీదా అధికారం ఉన్నావిడ, నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు చేసింది తప్పని అనను. కానీ రోజూ ఇలా బండి ఆపుతుంటే వాళ్ళు ఊరుకోరే. కాస్త చూసీచూడనట్టు పోవాలి."

"ఏది చూడకుండా పోను సిస్టర్?" అన్నాను. నిజంగానే అడిగాను. ఆవిడ ఎగతాళి అనుకుంది.

ఆ తరవాతి నెలలో నాణ్యత సర్టిఫికెట్ కోసం తనిఖీ వాళ్ళు వస్తారని తెలిసింది. ప్రతి థియేటర్లో చెక్‌లిస్ట్ పైకి చదవాలి, చదివినట్టు కెమెరాలో మాట వినిపించాలి. ఇది వాళ్ళ షరతు. నర్సులు చాలరు. ఒక్కొక్కరం రెండు గదులు చూసుకుంటున్నాం. సూపరింటెండెంట్ గారు నన్ను పిలిపించారు. ఆయన గదిలో కంప్యూటర్లు చూసే అతను కూడా కూర్చుని ఉన్నాడు.

"నీ గొంతు స్పష్టంగా ఉంటుందమ్మా. ఒక్క అక్షరం మింగవు. చెక్‌లిస్ట్ మొత్తం ఒకసారి చదివి రికార్డు చెయ్యి. కొత్తగా చేరే నర్సులకు నేర్పడానికి" అన్నారు.

నేర్పడానికి అనే అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రాత్రి ఇంట్లో అదే చెప్పాను. మా నాన్న, "అంటే నువ్వు టీచరువి కూడా అయ్యావన్నమాట" అని సంబరపడ్డాడు.

కింది అంతస్తులో దుప్పట్లు పెట్టే గదిలో రికార్డు చేశాం. దుప్పట్ల మధ్యయితే మాట ప్రతిధ్వనించదని కంప్యూటర్ అతను చెప్పాడు. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య కాస్త ఖాళీ వదలమన్నాడు, నేర్చుకునేవాళ్ళు జవాబు ఆలోచించుకోవడానికట. వదిలాను. ప్రతి ఖాళీ తరవాత "ధన్యవాదాలు" అనమని సూపరింటెండెంట్ గారు కబురు పంపారు, మర్యాదగా ఉంటుందని. అన్నాను. రక్తం గురించి అడుగుతుండగా పక్కనే లిఫ్టు వచ్చి ఆగి గంట మోగింది. మళ్ళీ చదవనా అని అడిగితే, "పర్వాలేదు మేడం, ఎవరు వింటారు" అన్నాడు.

వారం తిరక్కుండా మూడు థియేటర్లలోనూ గోడకు ఒక స్పీకరు పెట్టె బిగించారు. కింద ఒక ఎర్ర మీట, నొక్కినప్పుడల్లా నేను చదివిన ఒక విడత ప్రశ్నలు వినిపించేలా. థియేటర్ అటెండరు, మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన, చేతులు ఖాళీ లేక మోచేత్తో నొక్కేవాడు. "పంతులమ్మా, మాట్లాడు తల్లీ" అని నొక్కేవాడు. నేను మాట్లాడేదాన్ని. ఎవరూ జవాబు చెప్పకపోయినా "ధన్యవాదాలు" అనేదాన్ని.

మొదటిసారి నేను ఆ గదిలో ఉండగానే మోగింది. నా ప్రశ్నకు నేనే జవాబు చెప్పాను, వేరే ఎవరూ చెప్పడం లేదు కాబట్టి. మత్తు డాక్టరు పగలబడి నవ్వారు. "మొత్తానికి పంతులమ్మకు ఒక విద్యార్థి దొరికాడయ్యా" అన్నారు. కొన్నాళ్ళకు పెద్ద డాక్టరు ఆ ఖాళీలు మరీ పొడుగున్నాయని విసుక్కుంటే కంప్యూటర్ అతను వాటిని కత్తిరించాడు. ఊపిరి పీల్చుకునేంత ఖాళీ మిగిలింది.

ఇది చెక్‌లిస్ట్ కాదని పెద్ద సిస్టర్‌తో చెప్పాను. సూపరింటెండెంట్ గారితో చెప్పాను. "నర్సు చదివినా నువ్వే చదువుతావు. పెట్టె చదివినా నువ్వే చదువుతున్నావు. తేడా ఏమిటి?" అన్నారు ఆయన. "జవాబు రాకపోతే నేను ఆగుతాను సార్. అది ఆగదు" అన్నాను. "అందుకే పెట్టాం" అన్నారు. నవ్వుతూ అనలేదు. మామూలుగానే అన్నారు.

ఆ మర్నాడు నన్ను పరికరాలు కడిగే గదికి పంపారు. అది కూడా కింది అంతస్తే. డ్యూటీ చార్టులో మాత్రం రెండో థియేటర్ నర్సుగా నన్నే ఉంచారు. థియేటర్‌కు ఒక నర్సు ఉన్నట్టు కాగితం మీద ఉండాలి కదా. అలా నేను కింద కత్తెరలు తోముతూ ఉండేదాన్ని, పైన నా గొంతు ఆపరేషన్లు చేయిస్తూ ఉండేది.

పదకొండో తారీఖు ఉదయం ఏడున్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు నేను పరికరాల గది దాటలేదు. నాతో పని చేసే అక్కకు అది తెలుసు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. "నన్ను లాగకు చెల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది. ఆమెను నేను లాగడం లేదు. మీరే అడగాలి, పోలీసులు అడిగితే చెబుతుందేమో.

ఆ ఉదయం రెండో థియేటర్లో ఏం జరిగిందో నేను కళ్ళతో చూడలేదు. పద్నాలుగో తారీఖున సూపరింటెండెంట్ గారి గదిలో నాకు వినిపించిన రికార్డింగును బట్టి రాస్తున్నాను. బల్ల మీది మనిషి, పని చేసే చేతులు తప్ప గదిలో ఎవరున్నారో, గోడ మీద ఏముందో అందులో కనపడదు.

ఎనిమిది నలభైకి ఆవిడను లోపలికి తెచ్చారు. మెలకువగానే ఉంది. మీట నొక్కిన చప్పుడు. నా గొంతు, "మీ పేరు చెప్పండి" అంది. ఆవిడ పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. "ధన్యవాదాలు. ఏ ఆపరేషన్, ఏ వైపు?" ఆవిడ, "కిడ్నీ అమ్మా. ఎడమ వైపు. ఇదిగో, ఇక్కడ" అంది. ఆవిడ "ఇక్కడ" అంటుండగానే నా గొంతు అడ్డం పడి "ధన్యవాదాలు" అంది. "ఆపరేషన్ చేసే చోట గుర్తు పెట్టారా?" "ఏం గుర్తమ్మా? ఎవరూ ఏమీ పెట్టలేదే." "ధన్యవాదాలు. మీకు పడని మందులేమైనా ఉన్నాయా?" "దగ్గు మందు ఒకటి తాగితే దద్దుర్లొచ్చాయమ్మా, దాని పేరు..." "ధన్యవాదాలు."

గదిలో ఉన్నవాళ్ళలో జవాబు చెప్పింది ఆవిడొక్కతే. అన్ని ప్రశ్నలకూ చెప్పింది. గోడకు చెప్పింది.

మత్తు డాక్టరు అప్పుడు ఫోన్లో తన కారు రిపేరు గురించి మాట్లాడుతున్నారు. అది కూడా వినిపిస్తుంది. బాబాయ్ ఆవిడను బల్లకు కట్టే పట్టీలు బిగిస్తున్నాడు. ఆవిడకు మత్తు వచ్చాక స్కాన్ ఫిల్మును లైటు మీద తిరగేసి తగిలించారని తరవాత తేలింది. దాన్ని చూసి ఆవిడను ఎడమ పక్కకు తిప్పి, కుడి వైపు పైకొచ్చేలా పడుకోబెట్టి గుడ్డలు కప్పారు. పెద్ద డాక్టరు వచ్చేసరికి కోయాల్సిన చోటు తప్ప మనిషి కనపడదు. బాబాయ్ మళ్ళీ మీట నొక్కాడు. నా గొంతు, "ఏ వైపు ఆపరేషన్ చేస్తున్నారు?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. ఈసారి ఆవిడ నిద్రలో ఉంది. "ధన్యవాదాలు" అన్నాను. కోత పెట్టారు.

రికార్డింగు ఆపేసి సూపరింటెండెంట్ గారు నా వైపు తిరిగారు.

"గొంతు నీది కాదంటావా?"

"నాదే సార్."

"రోగి ఎడమ అని చెప్పిందా లేదా?"

"చెప్పింది సార్."

"నువ్వు ధన్యవాదాలు అన్నావా లేదా?"

"పెట్టె అంది సార్. అప్పుడు నేను కింద ఉన్నాను."

"ఏ పెట్టె?"

రెండో థియేటర్‌కు వెళ్ళి చూశాను. గోడ మీద పెట్టె ఉన్న మేర తెల్లగా కనపడుతోంది. మేకులు దిగిన రంధ్రాలున్నాయి. పెట్టె లేదు. మిగతా రెండు థియేటర్లలోనూ తీసేశారు. ఆ రోజు మత్తు డాక్టరు రాసిచ్చిన వివరణ నాకు చదివి వినిపించారు. "నర్సు అడిగింది. రోగి సరిగానే చెప్పింది. నర్సు ఆ సంగతి మా దృష్టికి తేలేదు." బాబాయ్‌ను కలిస్తే తల దించుకున్నాడు. "పింఛను దగ్గర పడింది పంతులమ్మా" అన్నాడు.

పెద్ద సిస్టర్ ఒక కాగితం తెచ్చింది. హడావిడిలో రోగి చెప్పింది సరిగా వినిపించుకోలేదు, క్షమించమని వేడుకుంటున్నాను అని అందులో ఉంది. సంతకం పెడితే రిజిస్ట్రేషన్ పోకుండా ఏడాది సస్పెన్షన్‌తో సరిపెట్టేలా కౌన్సిల్‌కు చెబుతారట. ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాను.

నాన్న, "ఏడాదే కదమ్మా. కళ్ళు మూసుకుంటే అయిపోతుంది. పెట్టెయ్" అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఏం పెట్టేది? చదువు రాని మాకైతే ఏం రాశారో తెలీదు, వేలు అద్ది వచ్చేస్తాం. అంతా చదివి కూడా అలాగే అద్దాలంటే దీన్ని ఇన్నాళ్ళూ ఎందుకు చదివించాం?"

"నీకేం, నోరుంది మాట్లాడతావు. ఉద్యోగం పోతే?"

"పోతే నాతో మెట్లు కడగడానికి వస్తుంది. ఆ మెట్లు ఎవరు తొక్కినా, నేనే తొక్కానని నన్నెవరూ సంతకం పెట్టమనరు" అంది అమ్మ. తమ్ముడు నవ్వాడు. నాన్న నవ్వలేదు. ఆ రాత్రి నాన్న అన్నం సగంలో వదిలేసి బయట మెట్టు మీద కూర్చున్నాడు. నేను సంతకం పెట్టలేదు.

పోయిన శనివారం ఉదయం పది గంటలకు డయాలసిస్ వార్డుకు వెళ్ళాను. యూనిఫాం వేసుకోలేదు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుంది. మెడ దగ్గర గొట్టాలున్నాయి. ఆవిడ భర్త స్టూలు మీద కూర్చుని పేపరుతో విసురుతున్నాడు. నేను మంచం దగ్గరికెళ్ళి, "ఎలా ఉందమ్మా?" అని మాత్రమే అన్నాను.

ఆవిడ చప్పున కళ్ళు తెరిచింది. "ఈ గొంతు నాకు తెలుసు" అంది. "ఆ రోజు నన్ను అన్నీ అడిగింది నువ్వే కదూ?"

నేను ఆవిడకు కనపడేలా ఇంకాస్త ముందుకు జరిగాను.

"నీకు చెప్పాను కదమ్మా. ఎడమ వైపని చెప్పాను. గుర్తు ఎవరూ పెట్టలేదని కూడా చెప్పాను. వినలేదా తల్లీ?"

"నేను అక్కడ లేనమ్మా. నేను ఎప్పుడో చదివి రికార్డు చేసింది పెట్టెలోంచి వినిపించారు. మీరు మాట్లాడింది ఆ పెట్టెతో."

ఆవిడ భర్త పేపరు విసరడం ఆపాడు. "పెట్టె అడిగిందట, విన్నావా? ధన్యవాదాలు కూడా పెట్టే చెప్పిందా?"

"అవునండీ."

"అబ్బో. మర్యాద తెలిసిన పెట్టె."

ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. నన్నే చూస్తూ అంది. "నువ్వు కనపడలేదు. నా తల వెనక నిలబడ్డావనుకున్నాను. లోపలికి తెస్తుంటే భయమేసింది. నీ మాట విన్నాక తగ్గింది. ఈ పిల్ల ఎంత ఓపిగ్గా అడుగుతోంది, నన్ను చూసుకుంటుందిలే అనుకున్నాను. ఆ ధైర్యంతోనే కళ్ళు మూసుకున్నాను."

అని అటు తిరిగి పడుకుంది. అతను, "ఇక వెళ్ళమ్మా" అన్నాడు. వచ్చేశాను.

ఆవిడ మీకిచ్చిన వాంగ్మూలంలో కూడా నర్సు అడిగిందని, నర్సుకు చెప్పానని ఉందని విన్నాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ విన్నది విన్నట్టే చెప్పింది.

నేను అడిగేది ఇది. సూపరింటెండెంట్ గారి గదిలో విన్న రికార్డింగులో, రక్తం గురించి అడిగే చోట నా మాట వెనక లిఫ్టు గంట మోగుతుంది. మీరు రెండో థియేటర్లో నిలబడి చూడండి. రెండు తలుపులు దాటి, నడవా చివర ఉంటుంది లిఫ్టు. దాని గంట థియేటర్ దాకా వినపడదు. అదే రోజు ఉదయం ఒకటో థియేటర్, మూడో థియేటర్ రికార్డింగులు కూడా తెప్పించండి. వాటిలోనూ నేనే అడుగుతూ ఉంటాను. అదే మాట వెనక అదే గంట మోగుతుంది. ఒకే ఉదయం మూడు గదుల్లో ముగ్గురు రోగులకు ఒకే గొంతుతో ధన్యవాదాలు చెప్పాను. ఒక మనిషికి అది సాధ్యమో కాదో కౌన్సిల్ వాళ్ళు తేల్చుకుంటారు. ఆసుపత్రి వాళ్ళు రెండో థియేటర్ రికార్డింగు ఒక్కటే కాపీ చేసి దాచారు. మిగతా రెండూ ఈ నెల పదో తారీఖున వాటంతటవే చెరిగిపోతాయి. కెమెరాలో నెల రోజులవే నిలుస్తాయని కంప్యూటర్ అతనే నాకు చెప్పాడు.

ఇందులో నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు విడదీసి రాశాను. చూడనిదాన్ని చూశానని ఎక్కడా రాయలేదు. ఎవరూ చెప్పి రాయించలేదు, ఎవరూ బెదిరించలేదు. మొత్తం తిరిగి చదువుకుని, నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

ఆ రెండు రికార్డింగులు మీరు స్వాధీనం చేసుకుంటారో లేదో ఈ నెల ఎనిమిదో తారీఖు సాయంత్రంలోగా నాకు రాతపూర్వకంగా తెలపండి. స్వాధీనం చేసుకుంటే, కౌన్సిల్ కన్నా ముందు వాటిని డయాలసిస్ వార్డులో ఉన్న ఆవిడకు వినిపించమని కోరుతున్నాను. తను చెప్పింది విని కూడా ఊరుకున్న మనిషి ఆ గదిలో లేదని ఆవిడకు తెలియాలి. ఆ మాట మీరే చెప్పండి. నేను చెప్పాలంటే మళ్ళీ ఈ గొంతుతోనే చెప్పాలి.

(సంతకం)
స్టాఫ్ నర్సు, రెండో థియేటర్
మూడో తారీఖు, ఉదయం పదకొండు గంటలు